మాత్రకు ముందు పరీక్ష: మూత్రకోశ వ్యాధులు, మందులకు లొంగని సూక్ష్మజీవులు

చేనికి తెగులు సోకినప్పుడు తెలివిగల రైతు మొదట ఆకును త్రిప్పి చూచును. పురుగా, బూజా, నేలలో సారలోపమా యని తెలిసికొనిన పిమ్మటనే మందు కొనుటకు పోవును. చూడకయే మందు చల్లినచో డబ్బు దండుగ యగును, పైరును దక్కదు. చేని విషయమున మనకు గల ఈ జాగ్రత్త శరీర విషయమున కానరాకుండుట విచారకరము. మూత్ర విసర్జన సమయమున మంట పుట్టినచో మన గ్రామములలో సాధారణముగా జరుగునదేమి? వేడి చేసినదని రెండు రోజులు మజ్జిగయో, బార్లీ నీరో, సబ్జా గింజల నీరో త్రాగుదురు. తగ్గనిచో మందుల దుకాణమునకు ఎవరినైన పంపి, ఇంతకు ముందు ఇరుగుపొరుగున ఎవరికో పనిచేసిన మాత్రలనే నాలుగు తెప్పించి మ్రింగుదురు. రెండు మాత్రలతో మంట తగ్గినచో మిగిలిన రెండును గూటిలో దాచబడును.

ఆ మాత్ర ఆ వ్యాధికి తగినదా, ఆ శరీరములో చేరిన సూక్ష్మజీవి ఆ మందునకు లొంగునా యను ప్రశ్న ఎవరికిని తోచదు. ఈ ప్రశ్నకు సమాధానము చెప్పు పరీక్ష ఒకటి చిరకాలమునుండి ఉన్నది. కాని దాని ఫలితము తెలియుటకు రెండు మూడు రోజులు పట్టును. అదే సమాధానమును 45 నిమిషములలో చెప్పు పరికరమొకటి ఇటీవల స్వీడన్ దేశమున తయారైనది. ఈ పరీక్షలేమి, వాని అవసరమేమి, అట్టి పరికరము మన ఊరి దాపునకు వచ్చులోపల పంచాయతీలు చేయదగినదేమి యను విషయములను ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

వ్యాధి స్వరూపము

మూత్రకోశ వ్యాధి మిక్కిలి సామాన్యమైనది. స్త్రీలలో సగముమందికి జీవితకాలమున ఒక్కసారియైనను ఇది సోకునని వైద్యులు చెప్పుచున్నారు. స్త్రీలకు మూత్రము వెలువడు నాళము పురుషులకంటె పొట్టిది. అందుచే బయటి సూక్ష్మజీవులు మూత్రకోశమును చేరుట సులభము. నూటికి డెబ్బదియైదు వంతులో, అంతకు మించియో ఈ వ్యాధికి కారణమగునది ఇ. కోలై అను సూక్ష్మజీవి. ఇది మనయందరి ప్రేవులలోను నివసించునదే. అచ్చట ఉన్నంతవరకు సాధారణముగా అపకారము చేయదు. మూత్రకోశమున ప్రవేశించినప్పుడు మాత్రము మంట, మాటిమాటికి మూత్రము వచ్చినట్లుండుట, పొత్తికడుపులో నొప్పి కలిగించును.

వ్యాధి మూత్రకోశముననే యున్నంతవరకు బాధయే గాని ప్రాణభయము అరుదు. అచ్చటినుండి అది పైకి ప్రాకి మూత్రపిండములను చేరినచో చలి, జ్వరము, నడుము ప్రక్కన పోటు, వాంతులు కలుగును. రక్తములో కలిసినచో ప్రాణాపాయమే. గర్భవతుల విషయమున మరింత జాగ్రత్త కావలెను. వారికి మంట, నొప్పి వంటి లక్షణములు లేకున్నను మూత్రములో సూక్ష్మజీవులు పెరుగుట కలదు. చికిత్స లేనిచో అది మూత్రపిండములకు ప్రాకవచ్చును. నెలలు నిండక మునుపే ప్రసవమగు ప్రమాదమును పెరుగును. మధుమేహము గలవారు, వృద్ధులు, పసిపిల్లలు, మూత్రమునకు గొట్టము అమర్చబడినవారు కూడ ఈ వ్యాధిని అలక్ష్యము చేయరాదు.

మందులు ఎందుకు ఓడిపోవుచున్నవి?

1928లో లండనులో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ పెన్సిలిన్‌ను కనుగొనెను. ఆ తరువాత యాంటిబయాటిక్ మందులు ఒకదాని వెంట ఒకటి వెలువడినవి. ఈ చరిత్రలో మన తెలుగువారికిని గర్వింపదగిన స్థానము కలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లే పరిశోధనాలయమునకు పరిశోధనల అధిపతిగా ఉన్న కాలముననే, ఆయన పర్యవేక్షణలో పనిచేసిన బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవినుండి ఆరియోమైసిన్‌ను సాధించెను. 1948లో లోకమునకు వెల్లడియైన ఈ మందు టెట్రాసైక్లిన్ జాతి మందులలో మొదటిది.

అట్టి మందులు వచ్చిన తొలి దినములలోనే ఫ్లెమింగ్ హెచ్చరించియుండెను. 1945లో నోబెల్ బహుమతి స్వీకరించిన సందర్భమున చేసిన ఉపన్యాసములో, చాలని మోతాదులో మందు వాడినచో సూక్ష్మజీవులు చావక, ఆ మందునకు లొంగనివిగా తయారగునని ఆయన తెలిపెను. నేడు అదియే జరుగుచున్నది.

ఇది మన రైతులకు క్రొత్త సంగతి కాదు. 1987–88లో గుంటూరు, ప్రకాశము జిల్లాల ప్రత్తి చేలలో పచ్చపురుగు విజృంభించినప్పుడు పైరిత్రాయిడ్ జాతి మందులు ఎంత చల్లినను పురుగు చావలేదు. అనేక కుటుంబములు అప్పులపాలైనవి. వేలకొలది పురుగులలో ఏ కొన్నియో స్వభావసిద్ధముగానే మందును తట్టుకొనగల్గును. మందు చల్లినప్పుడు బలహీనమైనవి చచ్చి, ఆ కొన్ని మిగులును. వాని సంతానమంతయు మందునకు లొంగనిదే యగును. ఎన్ని మారులు చల్లిన అంతగా లొంగని జాతి వృద్ధియగును. శరీరములోని సూక్ష్మజీవుల సంగతియు ఇట్టిదే. భేదమొక్కటే: పురుగునకు ఒక తరము గడచుటకు వారములు పట్టును, ఇ. కోలై అనుకూల పరిస్థితులలో 20 నిమిషములకు రెట్టింపగును. అంతే కాదు, ఒక సూక్ష్మజీవి తనకు అబ్బిన తట్టుకొను శక్తిని ప్రక్కనున్న వేరు సూక్ష్మజీవికి కూడ అందింపగలదు.

ఒకరు అనవసరముగా మ్రింగిన మాత్ర వలన లొంగని సూక్ష్మజీవులు వారి ప్రేవులలో నిలిచి, మలము ద్వారా నీటిని, నేలను చేరి, ఇతరులకు సోకును. కావున ఇది ఒక రోగి సొంత వ్యవహారము కాదు, ఊరుమ్మడి వ్యవహారము. చెరువు గట్టును ఒకడు త్రవ్వినచో ఆయకట్టు అంతయు ఎండునట్లే, మందును ఒకరు చెడగొట్టినచో అందరికిని అది పనికిరాకుండ పోవును.

నష్టమెంతటిదో కొన్ని అంకెలవలన తెలియును. 2019లో ప్రపంచమున మందులకు లొంగని సూక్ష్మజీవుల వలననే నేరుగా సుమారు 12 లక్షల 70 వేలమంది మరణించిరని 2022లో ప్రచురింపబడిన అంతర్జాతీయ పరిశోధన లెక్కకట్టినది. 2023లో ప్రయోగశాలలలో నిర్ధారింపబడిన సూక్ష్మజీవుల వ్యాధులలో ప్రపంచమున ప్రతి 6 ఇంటిలో 1 మందులకు లొంగనిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 అక్టోబరులో ప్రకటించినది. మన దేశము చేరియున్న ఆగ్నేయాసియా విభాగమున ఇది ప్రతి 3 ఇంటిలో 1.

ఇందు విచిత్రమైన సంగతి ఒకటి కలదు. 1980 తరువాతి దశాబ్దమున వాడుకలోనికి వచ్చిన సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు విచ్చలవిడిగా వాడబడినందున, మన దేశపు ఆసుపత్రులలో పరీక్షింపబడిన ఇ. కోలైలో అధిక భాగము దానికి లొంగుట మానినది. 1953లో వచ్చిన నైట్రోఫురాంటొయిన్ అను పాత మందు మాత్రము, మూత్రకోశమునకు పరిమితమైన వ్యాధిలో నేటికిని చాలవరకు పనిచేయుచున్నది. అనగా క్రొత్త మందు గొప్పది, పాత మందు చవుక యను లెక్క ఇచ్చట చెల్లదు. ఏ సూక్ష్మజీవికి ఏ మందు అను లెక్కయే సరియైనది. ఆ లెక్క తేల్చునది పరీక్ష. ఈ మందుల పేర్లు విషయము బోధపడుటకై చెప్పితిమి గాని కొని వాడుటకు కాదు. మూత్రపిండముల స్థితిని, గర్భము నెలలను, ఇతర వ్యాధులను చూచి ఏది తగునో వైద్యుడే నిర్ణయింపవలెను.

రెండు మూడు రోజుల పరీక్ష

పరీక్షలలో రెండు రకములు కలవు. ఈ రెంటికి గల భేదమును పంచాయతీ సభ్యులు గుర్తించుట ముఖ్యము.

మొదటిది స్ట్రిప్ అను కాగితపు పట్టీతో చేయు పరీక్ష. పట్టీని మూత్రములో ముంచి తీసినచో రెండు నిమిషములలో రంగు మారును. సూక్ష్మజీవులు తయారుచేయు నైట్రైట్ అను పదార్థమును, వ్యాధిని ఎదుర్కొను తెల్ల రక్తకణముల జాడను ఇది పట్టును. వ్యాధి ఉండవచ్చునా, లేదా అనుటకు ఇది ఉపకరించును. ఏ మందు పనిచేయునో మాత్రము ఇది చెప్పజాలదు.

రెండవది కల్చరు పరీక్ష. దీనిని నారుమడితో పోల్చవచ్చును. ప్రయోగశాలలో పోషక పదార్థము గల గాజు పళ్ళెముపై కొలత ప్రకారము మూత్రమును పూసి, శరీరపు వేడికి సమానమైన వేడిలో ఒక రాత్రి ఉంచెదరు. సూక్ష్మజీవులున్నచో చుక్కలు చుక్కలుగా మొలచును. చుక్కలను లెక్కించి, వ్యాధి కలదా లేదా, ఉన్నచో ఏ జాతి సూక్ష్మజీవి అని తేల్చెదరు. తరువాత ఆ సూక్ష్మజీవులను మరియొక పళ్ళెముపై పరచి, వేరువేరు మందులు పట్టించిన చిన్న కాగితపు బిళ్ళలను వానిపై నుంచి, మరల ఒక రాత్రి ఆగెదరు. మందు పనిచేసిన బిళ్ళ చుట్టును సూక్ష్మజీవులు మొలవక ఖాళీ వలయము ఏర్పడును. పనిచేయని బిళ్ళ అంచు వరకు అవి దట్టముగా మొలచును. వలయము వెడల్పును కొలిచి ఈ మందు పనిచేయును, ఈ మందు పనిచేయదు అని వ్రాసి ఇత్తురు.

ఈ పద్ధతి నమ్మదగినది. దీని లోపమెల్ల కాలమే. మంటతో బాధపడు రోగి రెండు మూడు రోజులు ఊరక యుండలేదు. వైద్యుడును ఉండుమని చెప్పలేడు. కావున ఫలితము రాకముందే ఊహచే ఒక మందు వ్రాయవలసివచ్చును. ఊహ తప్పునేమో యను భయముచే చిన్న మందు చాలినచోట పెద్ద మందు వ్రాయుట జరుగును. పెద్ద మందు వాడుక పెరిగినకొలది దానికిని సూక్ష్మజీవులు లొంగుట మానును. గ్రామములలో మరియొక చిక్కు కలదు. నమూనా ఇచ్చుటకు ఒకసారి, ఫలితము తెచ్చుకొనుటకు ఒకసారి పట్టణమునకు పోవలెను. కూలికి పోవు స్త్రీకి రెండు రోజుల కూలియు, బస్సు ఖర్చులును నష్టము. మంట కొంచెము తగ్గినచో ఫలితము తెచ్చుకొనువారే యుండరు.

45 నిమిషముల పరీక్ష

ఈ కాలలోపమును తీర్చుటకు ఒక పెద్ద పోటీ ఏర్పాటైనది. దాని పూర్వకథ ఆసక్తికరమైనది. 1714లో బ్రిటిషు పార్లమెంటు ఒక చట్టము చేసి, నడిసముద్రమున ఓడ తూర్పు పడమరలలో ఎచ్చటనున్నదో తెలిసికొను ఉపాయము కనుగొనినవారికి గొప్ప బహుమతి ప్రకటించెను. జాన్ హారిసన్ అను గడియారముల పనివాడు సముద్రముపై కూడ కాలము తప్పని గడియారమును నిర్మించి ఆ చిక్కును విడదీసెను. ఆ చట్టమునకు 300 ఏండ్లు నిండిన 2014లో, బ్రిటనులోని నెస్టా అను సంస్థ అదే పేరుతో క్రొత్త లాంజిట్యూడ్ బహుమతిని ప్రకటించినది. ఏ సమస్యకు బహుమతి పెట్టవలెనని ప్రజలను ఓటు అడుగగా, వారు యాంటిబయాటిక్ మందుల సమస్యను ఎన్నుకొనిరి. ఆసుపత్రి బయట, రోగి దగ్గరనే, త్వరగా, తక్కువ ఖర్చుతో చేయదగిన పరీక్షను కనుగొనుట షరతు. మన దేశపు బృందములును ఈ పోటీలో పాల్గొనినవి.

పదియేండ్ల పిమ్మట, 2024 జూనులో, స్వీడన్‌లోని ఉప్సాలా పట్టణమునకు చెందిన సిస్‌మెక్స్ ఆస్ట్రెగో సంస్థకు 80 లక్షల పౌండ్ల బహుమతి లభించినది. ఉప్సాలా విశ్వవిద్యాలయపు పరిశోధనలు దీనికి మూలము. పి.ఎ.-100 అను ఈ పరికరము బల్లపై ఇముడును. అరమిల్లీలీటరుకంటె తక్కువ మూత్రము దీనికి చాలును.

ఇది పనిచేయు విధము ఇట్టిది. అరచేతిలో ఇముడు ఒక ప్లాస్టిక్ బిళ్ళలో కంటికి కానరాని సన్నని కాలువలు 10 వేలకు పైగా కలవు. ఇ. కోలై వెడల్పు మిల్లీమీటరులో సుమారు వేయవ వంతు. కాలువలును ఆ కొలతకే తగినట్లు తీర్చబడినవి. మూత్రమును బిళ్ళలో పోసినంతనే సూక్ష్మజీవులు ఈ కాలువలలో చిక్కుకొనును. కొన్ని కాలువలలో పోషక ద్రవము మాత్రమే ప్రవహించును. కొన్నింట దానితోపాటు మందు కూడ ప్రవహించును. సూక్ష్మదర్శినికి అమర్చిన కెమెరా ఒక్కొక్క కాలువను మాటిమాటికి చిత్రించును. మందు లేనిచోట సూక్ష్మజీవులు నిమిషనిమిషమునకు పొడవగుచుండును. మందు ఉన్నచోట పెరుగుదల ఆగినచో ఆ మందునకు అవి లొంగినట్లు, ఆగనిచో లొంగనట్లు. పళ్ళెముపై లక్షల సంతానము మొలచి కంటికి కానవచ్చువరకు ఆగనక్కరలేదు. ఒక్కొక్క సూక్ష్మజీవి పెరుగుదలనే నేరుగా కొలుచుట వలన కాలము ఇంతగా తగ్గినది.

వ్యాధి కలదా లేదా అనుటకు 15 నిమిషములు, ఏ మందు పనిచేయుననుటకు 45 నిమిషములు పట్టును. మూత్రకోశ వ్యాధులకు సాధారణముగా వాడు 5 మందులను ఇది ఒకేసారి పరీక్షించును. రోగి అచ్చటనే కూర్చుండి, ఫలితము తెలిసిన పిమ్మట తగిన మందుతోనే ఇంటికి పోవచ్చును. రెండవ ప్రయాణము లేదు, ఊహతో పనిలేదు, పెద్ద మందును నిష్కారణముగా వాడు అవసరము లేదు. మానివేయవలసివచ్చుచున్న పాత, చిన్న మందులను ధైర్యముగా మరల వాడుటకు ఇట్టి పరీక్ష తోడ్పడును.

దీనికి హద్దులును కలవు. 5 మందులను దాటి ఇది చెప్పజాలదు. చిక్కులు గల వ్యాధులకు, ఆసుపత్రిలో సోకిన మొండి వ్యాధులకు కల్చరు పరీక్ష అవసరము తీరలేదు. ఈ పరికరము మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో సాధారణముగా లభించునది కాదు. ఇట్టివి చవుకగా తయారై మండల స్థాయికి దిగివచ్చుటకు కాలము పట్టును. వచ్చినప్పుడు వానికి కరెంటు, శిక్షణ పొందిన మనిషి, బిళ్ళల నిలువ కావలెను. వీనినన్నిటికంటె ముందుగా, పరీక్ష లేక మాత్ర మ్రింగరాదను అలవాటు ప్రజలలో ఉండవలెను. ఆ అలవాటు లేనిచో ఎంతటి యంత్రమైనను మూల పడియుండును.

పంచాయతీలు చేయదగిన పనులు

రాజ్యాంగపు 73వ సవరణతో చేరిన 11వ షెడ్యూలులో ఆరోగ్యము, పారిశుద్ధ్యము, త్రాగునీరు పంచాయతీలకు అప్పగింపదగిన విషయములుగా పేర్కొనబడినవి. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార కమిటీలలో పంచాయతీ ప్రతినిధులకు స్థానము కలదు. కావున ఈ పనులకు క్రొత్త అధికారముగాని, పెద్ద నిధులుగాని అక్కరలేదు.

మొదటిది: తొలి మాత్రకు ముందే నమూనా. యాంటిబయాటిక్ మాత్ర ఒకటి మ్రింగిన పిమ్మట తీసిన మూత్రములో సూక్ష్మజీవులు మొలవకపోవచ్చును; అప్పుడు పరీక్ష వ్యర్థము. ఈ ఒక్క సంగతిని ఆశా కార్యకర్తలద్వారా, మహిళా సంఘములద్వారా ఇంటింటికి తెలుపవలెను. నమూనా తీయువిధమును నేర్పవలెను. మొదట నీటితో శుభ్రపరచుకొనవలెను. తొలి ధారను వదలి నడిమి ధారను ప్రయోగశాలవారు ఇచ్చిన శుభ్రమైన సీసాలో పట్టవలెను. ఇంటిలోని పచ్చడి సీసాలు, మందు సీసాలు పనికిరావు. నమూనా రెండు గంటలలో ప్రయోగశాలను చేరవలెను. ఆలస్యమగునట్లయినచో ఫ్రిజ్జి చల్లదనములో నుంచి ఒక దినము లోపల చేర్చవలెను. లేనిచో దారిలోనే సూక్ష్మజీవులు పెరిగి తప్పు ఫలితము వచ్చును.

రెండవది: పరీక్ష ఎచ్చట జరుగునో తెలిసికొనుట. కల్చరు పరీక్ష సాధారణముగా జిల్లా ఆసుపత్రులలోను, వైద్య కళాశాలల ఆసుపత్రులలోను జరుగును. మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునుండి నమూనాలు అచ్చటికి పంపు ఏర్పాటు కలదా? ఏ రోజులలో? ఫలితము ఎవరికి, ఎట్లు చేరును? కమిటీ సమావేశమున వైద్యాధికారిని ఈ ప్రశ్నలు అడిగి, సమాధానములను పంచాయతీ కార్యాలయపు గోడపై వ్రాయింపవలెను. ఏర్పాటు లేనిచో తీర్మానముచేసి పైకి పంపవలెను. ఫలితము ఫోనులో తెలియు ఏర్పాటు జరిగినచో కూలిజనులకు రెండవ ప్రయాణము తప్పును.

మూడవది: గర్భవతుల పరీక్ష. నెలనెల తనిఖీలలో మూత్రపరీక్ష ఏ ఒక్కరికిని తప్పిపోకుండ చూడవలెను. సిగ్గుచే అనేకులు మంటను దాచుదురు. మన రెండు తెలుగు రాష్ట్రములలోను పంచాయతీ స్థానములలో సగము స్త్రీలకు కేటాయింపబడియున్నవి. సోదరీ సభ్యులు చొరవ తీసికొని మాట్లాడినచో ఈ సిగ్గు తొలగును. ఇది పురుషులెవ్వరును చేయలేని సేవ.

నాలుగవది: మందుల దుకాణములు. వైద్యుని చీటి లేకుండ యాంటిబయాటిక్ మందులను అమ్మరాదని చట్టము. 2014 మార్చి 1నుండి అమలులోనికి వచ్చిన హెచ్1 షెడ్యూలు ప్రకారము, అందులో చేరిన మందులను అమ్మినప్పుడు వ్రాసిన వైద్యుని పేరు, రోగి పేరు, మందు పరిమాణము పుస్తకమున వ్రాసి మూడేండ్లు భద్రపరుపవలెను. చీటి లేక కొనరాని మందులను గుర్తించుటకై, అట్టలపైనున్న ఎఱ్ఱ గీతను చూడుడని కేంద్ర ప్రభుత్వము 2016లో ప్రచారము సాగించినది. దుకాణదారులను, ఆర్.ఎం.పి.లను శత్రువులుగా చూడక, సభకు పిలిచి చెప్పుట మేలు. రాత్రివేళ రోగికి దిక్కైనవారు వారే కావచ్చును. పరీక్షకు పంపు మొదటి మాట వారినోటినుండి వచ్చినచో ప్రజలు సులభముగా వినెదరు.

ఐదవది: వ్యాధి రాకుండ చూచుట. రాని వ్యాధికి మందు అక్కరలేదు. తరచు మూత్రకోశ వ్యాధికి గురియగుచున్న 140 మంది స్త్రీలపై జరిపిన పరిశోధన ఒకటి 2018లో వెలువడినది. దినమునకు ఒకటిన్నర లీటర్ల నీరు అదనముగా త్రాగినవారిలో వ్యాధి తిరుగబెట్టుట సుమారు సగమునకు తగ్గినట్లు అందు తేలినది. నీరు త్రాగుడని చెప్పుట సులభమే. కాని చేలలో పనిచేయు స్త్రీలు, బడిలోని బాలికలు మరుగు లేనందున నీరు త్రాగుటయే మానుకొనుచున్నారు. బడి మరుగుదొడ్డికి నీరు, తలుపు, గడియ ఉన్నవా యని ఈ వారమే చూడుడు. ఒక గడియ ఖరీదు ఒక మాత్రల అట్ట ఖరీదుకంటె ఎక్కువ కాదు.

ఆరవది: పశువులు, కోళ్ళు. త్వరగా బరువు పెరుగుటకై కోళ్ళ మేతలో యాంటిబయాటిక్ కలుపుట వలనను లొంగని సూక్ష్మజీవులు పుట్టును. మనుష్యులకు కడపటి ఆధారముగా వాడు కొలిస్టిన్ అను మందును ఆహారమునకై పెంచు జంతువులకు వాడరాదని 2019లో కేంద్ర ప్రభుత్వము నిషేధించినది. కోళ్ళ ఫారములున్న గ్రామములలో ఈ సంగతిని యజమానులకు తెలుపవలెను.

కొన్ని హెచ్చరికలు

పరీక్షకై ఆగుమనుట అన్ని సందర్భములకు వర్తింపదు. చలిజ్వరము, నడుము ప్రక్కన పోటు, వాంతులు, మూత్రములో రక్తము కనబడినను, గర్భవతికి జ్వరము వచ్చినను వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను. అచ్చట నమూనా తీసికొని, ఫలితమునకై ఆగక చికిత్స ప్రారంభింతురు. ఫలితము వచ్చిన పిమ్మట అవసరమైనచో మందు మార్తురు.

రెండవ హెచ్చరిక దీనికి భిన్నమైనది. ఏ బాధయు లేని వృద్ధుల మూత్రములో సూక్ష్మజీవులు కనబడుట సామాన్యము. గర్భవతులకు, కొన్ని శస్త్రచికిత్సలకు ముందు తప్ప, బాధలేనివారికి కాగితముపై వచ్చిన ఫలితమును చూచి మందు వాడనక్కరలేదు. పరీక్ష వైద్యుని బుద్ధికి తోడే గాని దానికి బదులు కాదు. ఇక వైద్యుడు వ్రాసిన మందును చెప్పిన మోతాదులో, చెప్పినన్ని దినములు వాడవలెను. నడుమ మానరాదు, మిగిల్చి దాచరాదు, ఒకరి మాత్ర మరియొకరికి ఈయరాదు.

ఏటేట నవంబరు 18నుండి 24వరకు ఈ సమస్యపై ప్రపంచమంతటను అవగాహన వారము జరుపబడుచున్నది. ఆ వారములో ఒక దినము గ్రామసభను గాని, మహిళా సంఘముల సమావేశమును గాని జరిపి ఈ సంగతులను చర్చింపవలెనని మా సూచన. 45 నిమిషముల పరీక్ష మన మండలమునకు ఎప్పుడు వచ్చునన్నది మన చేతిలోని పని కాదు. అది వచ్చునాటికి పనిచేయు మందులు మిగిలియుండునా యన్నది మాత్రము చాలవరకు మన చేతిలోనిదే. మందు పనిచేయదని తేల్చుటకు యంత్రము ఎంత త్వరపడినను, పనిచేయు మందొక్కటియు లేనిచో రోగికి దానివలన ప్రయోజనమేమి? చేను చూచి మందు చల్లు మన రైతు వివేకమును ఇంటికిని తెచ్చుకొందము. మాత్రకు ముందు పరీక్ష యను మాటను ప్రతి గ్రామమున నిలుపుదము.